ఏఐ జవాబులకు మార్కులు వేసే పని: నమ్ముకోదగ్గ ఉపాధేనా?

కృష్ణాతీరం:
ఏఐ ఇచ్చిన జవాబులు చదివి, రెండింటిలో ఏది మేలో చెప్పి, తప్పులు దిద్ది పంపే పని ఇప్పుడు తెలుగులోనూ దొరుకుతోంది. పిల్లల వల్లనో, ఇంట్లో పెద్దవాళ్ల సేవ వల్లనో గడప దాటలేని చదువుకున్న ఆడవాళ్లు మా విజయవాడలో ఎంతమందో ఉన్నారు. వాళ్లు ఈ పనిని ధైర్యంగా అందుకోవాలన్నది నా వాదన. నేను చేస్తున్నాను. పాప బడికి వెళ్లాక కూర్చుంటాను, వంట వేళకు లేస్తాను. ఎవరినీ సెలవు అడగనక్కర్లేదు. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో జీతం కోసం నెలల తరబడి ఎదురుచూశాను. ఇక్కడ వారం తిరిగేసరికి డబ్బు బ్యాంకులో పడుతోంది. ఇదీ ఒక ఉద్యోగమేనా అని పెదవి విరిచేవాళ్లు తమ అభ్యంతరమేమిటో చెప్పండి.

ఓరుగల్లు కోట:
కృష్ణాతీరం గారూ, పనిని నేను తక్కువ చేయను. వీలున్నప్పుడు చేసుకోవచ్చన్న ఆశ చూపి పిలుస్తారే, గొడవంతా అక్కడే ఉంది. పని ఎప్పుడు వస్తుందో ముందుగా ఎవరూ చెప్పరు. అర్ధరాత్రి వరుసలోకి వస్తుంది, తెల్లవారి చూస్తే ఒక్కటీ మిగలదు. నేను చేసిన సంస్థలో ముందు వంద పేజీలు దాటిన నియమావళి చదవాలి, తర్వాత పరీక్ష రాయాలి, అది గట్టెక్కాక నమూనా పని చేసి చూపాలి. అప్పటిదాకా పైసా ఇవ్వరు. అన్నీ దాటి పనిలో కుదురుకున్నాక ఒకరోజు ఖాతా తెరుచుకోలేదు. అడిగితే నాణ్యతా ప్రమాణాలు అందుకోలేదని ఒక్క వాక్యం పంపారు. ఏ జవాబుకు ఏ మార్కు తప్పుగా వేశానో చెప్పలేదు, చివరి వారం డబ్బూ ఇవ్వలేదు. అడ్డా మీద నిలబడే కూలీకి కనీసం పిలిచిన మేస్త్రీ ముఖమైనా తెలుస్తుంది.

ఇది నా ఒక్కడి గోడు కాదు. అమెరికా సంస్థ స్కేల్ ఏఐకి చెందిన రిమోటాస్క్స్ అనే ఇలాంటి పనుల వేదిక 2024 మార్చిలో కెన్యా, నైజీరియా, పాకిస్తాన్‌లలో పని ఆపేసింది. దాన్నే నమ్ముకున్నవాళ్లు ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి?

పచ్చిమిరప:
ఇద్దరూ డబ్బు సంగతే మాట్లాడుతున్నారు. నేను వ్యవసాయ డిగ్రీ చదివాను, పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను.

వంగతోటలో కొమ్మ, కాయ తొలిచే పురుగు పడింది, ఏం చేయాలి అన్నది ప్రశ్న. మొదటి జవాబు తెలుగు బిరుసుగా, ఎవరో తర్జుమా చేసినట్టు ఉంది. సలహా మాత్రం సరైనదే: పురుగు సోకిన కొమ్మలను తుంచి నాశనం చేయండి, లింగాకర్షక బుట్టలు పెట్టండి అంది. రెండోది హాయిగా చదివించే తెలుగు, ఒక్క మాట తడబడలేదు. తీరా చూస్తే మోనోక్రోటోఫాస్ పిచికారీ చేయమని చెప్పింది. కూరగాయల మీద ఆ మందు వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది. భాష ఒక్కటే చూసేవాళ్లు నూటికి తొంభై మంది రెండోదాన్నే గెలిపిస్తారు.

అది తప్పని తేల్చాలంటే నిషేధిత మందుల జాబితా తెరవాలి, మొదటి జవాబులోని సలహాలనూ సరిచూడాలి. తెర మీద గడియారం పది నిమిషాలే ఇస్తుంది. నేను ఇరవై తీసుకుంటే మిగతా పదికి కూలి లేదు. ఈ జవాబులాంటిదే రేపు ఒక రైతు ఫోనులో కనిపిస్తుంది. అందుకే నేను ఇరవై నిమిషాలూ తీసుకుంటాను. నష్టపోతూనే తీసుకుంటాను. ఆ నష్టం నేనెందుకు భరించాలో మాత్రం ఎవరూ చెప్పరు.

కృష్ణాతీరం:
పచ్చిమిరప గారూ, మీలాంటివారు ఉండాలనే కదా నేనూ అంటున్నది! మనం వేసే మార్కు చిన్నది కాదు. 2022లో చాట్‌జీపీటీ సంస్థ ఓపెన్‌ఏఐ ప్రకటించిన ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ అనే మోడల్ సంగతే చూడండి. ఒప్పందం మీద తీసుకున్న సుమారు 40 మంది రాసిన నమూనా జవాబులతో, ఏ జవాబు ఏదానికన్నా మేలో వాళ్లు ఇచ్చిన వరుసక్రమాలతో దాన్ని తీర్చిదిద్దారు. మోడల్ ఎంత పెద్దదో దాని పరామితుల లెక్క చెబుతుంది. అలా తయారైన 130 కోట్ల పరామితుల మోడల్ జవాబులనే, 17,500 కోట్ల పరామితుల జీపీటీ-3 జవాబుల కన్నా మనుషులు మెచ్చారు. తెలుగులో ఆ కుర్చీ మనం వదిలేస్తే మన భాష పట్టనివాళ్లు వచ్చి కూర్చుంటారు.

ఓరుగల్లు కోట:
అంత విలువైన పని అయితే ఆ విలువ కూలిలో కనపడాలి గదా అమ్మా. ఓపెన్‌ఏఐ కోసం హానికరమైన రాతలను జల్లెడ పట్టిన కెన్యా కార్మికులకు సామా సంస్థ ద్వారా గంటకు 1.32 నుంచి 2 డాలర్లే దక్కాయని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. మెరుగ్గా ఇవ్వడం అసాధ్యమా అంటే, కాదు. ఏఐ కోసం భారతీయ భాషల సమాచారం సేకరించే బెంగళూరులోని కార్య సంస్థ 2023 నాటికే గంటకు సుమారు 5 డాలర్లు ఇచ్చేది. సేకరించిన సమాచారం మళ్లీ అమ్ముడుపోతే అందులో పనిచేసినవారికి వాటా కూడా పెట్టింది.

చిట్టా ఆవర్జా:
చట్టం మాట చెబుతాను. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. గిగ్ కార్మికులు (మామూలు ఉద్యోగ బంధం లేకుండా పనిచేసేవారు), ప్లాట్‌ఫాం కార్మికులు (ఆన్‌లైన్ వేదికల ద్వారా పనిచేసేవారు) అన్న నిర్వచనాలు అందులో ఉన్నాయి. అగ్రిగేటర్లు, అంటే ఆ వేదికలు నడిపే సంస్థలు, తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఈ కార్మికుల సామాజిక భద్రతా నిధికి జమ చేయాలి. ఏడో షెడ్యూలులో క్యాబులు, ఆహార డెలివరీలతో పాటు వృత్తి సేవల ప్లాట్‌ఫాంలూ ఉన్నాయి కాబట్టి మీ పని దాని కిందికి వస్తుందని వాదించవచ్చు. అయితే ఇక్కడ కార్యాలయమే లేని విదేశీ సంస్థ చేత ఎవరు కట్టిస్తారు? నా దృష్టిలో అసలు చిక్కు అదే.

పన్ను విషయం మరవకండి. విదేశం నుంచి వచ్చే డబ్బులో సాధారణంగా టీడీఎస్ కోత ఉండదు. ఏడాదికి కట్టాల్సిన పన్ను 10,000 రూపాయలు దాటేలా ఉంటే ముందస్తు పన్ను మీరే కట్టుకోవాలి.

కొత్తగా చేరాను:
టెలిగ్రాంలో ఒకరు ఇదే పని ఇప్పిస్తామని 2,000 రూపాయల రిజిస్ట్రేషను ఫీజు అడుగుతున్నారు. కట్టమంటారా?

ఓరుగల్లు కోట:
వద్దు తమ్ముడూ. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు తీసుకోడు. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేసి, ఆ టెలిగ్రాం ఖాతా మీద ఫిర్యాదు చెయ్యి. తన ఖాతా అద్దెకిస్తాననేవాడినీ నమ్మకు, గుర్తింపు తనిఖీలో ఇద్దరూ దొరికిపోతారు.

కృష్ణాతీరం:
ఓరుగల్లు గారూ, ఆడవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలంటే మాత్రం ఒప్పుకోను. మీ బాధలో న్యాయముంది. పరీక్షకు పట్టిన సమయానికి కూలి, ఖాతా మూస్తే ఏ జవాబు వల్ల మూశారో రాతపూర్వకంగా కారణం, సరిచూడాల్సిన ప్రశ్నలకు అదనపు సమయం. ఈ మూడూ అడుగుతూ మా బృందం నుంచి నిర్వాహకులకు ఉత్తరం రాస్తున్నాం. పచ్చిమిరప గారూ, వంగతోట ఉదాహరణ అందులో చేర్చడానికి అనుమతిస్తారా? గోప్యత ఒప్పందం ఉంది కాబట్టి ప్రశ్నను కాస్త మార్చి రాస్తాం.

పచ్చిమిరప:
తప్పకుండా చేర్చండి. వంగకు బదులు బెండ అని రాయండి. బెండా కూరగాయే కాబట్టి ఆ మందు నిషేధం దానికీ వర్తిస్తుంది.