చేయని కాపీకి క్షమాపణ కాగితం రాసివ్వాలా?

ఎనుమాముల గుమస్తా:

నేను మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో పద్దులు రాస్తాను. చదువు ఇంటర్‌తో ఆగింది కాబట్టి కాలేజీ సంగతులు తెలిసినవాళ్లను అడుగుతున్నాను. మా మేనకోడలు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. వరంగల్‌కు దగ్గరలోనే ఒక ప్రైవేటు కాలేజీ, పేరు వద్దు. మా అక్కావాళ్లది పరకాల వైపు పల్లె. పిల్ల మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది.

పోయిన బుధవారం కాలేజీ నుంచి అక్కకు ఫోను వచ్చింది. సెమిస్టర్ పరీక్షలో ప్రాబబిలిటీ పేపరు దిద్దుతుంటే ఈ పిల్ల పత్రంలో ఒక లెక్క, వెనక బెంచీ అబ్బాయి పత్రంలో అదే లెక్క, రెండూ ఒకేలా ఉన్నాయట. ఫ్యాక్టరీలో మూడు యంత్రాలు బోల్టులు చేస్తాయి, ఏది ఎంత శాతం చేస్తుంది, వాటిలో ఎన్ని చెడిపోతాయి అనే బేయస్ సిద్ధాంతం లెక్క అది. మూడు యంత్రాలకూ వచ్చిన 0.0125, 0.0140, 0.0080 కలిపితే 0.0345 రావాలి. ఇద్దరూ 0.0354 వేశారు. రెండో అంకెను ఆ మొత్తంతో భాగిస్తే చివరి జవాబు 0.4058 కావలసింది, ఇద్దరికీ 0.3955. ‘ఒకే తప్పు ఒకే చోట ఇద్దరికి ఎలా వస్తుందండీ?’ అని హెచ్‌ఓడీ, అంటే ఆ విభాగం పెద్ద, అడిగారు. నిజం చెప్పాలంటే నాకూ ఆ ప్రశ్న సబబుగానే తోచింది.

పిల్లది మాత్రం ఒకటే మాట. ‘మామయ్యా, నేను తల కూడా తిప్పలేదు.’

ఇప్పుడు వాళ్లు చెప్పేది ఏమిటంటే, క్షమాపణ కాగితం రాసిచ్చి తల్లిదండ్రులు సంతకం చేస్తే ఆ ఒక్క పేపరు రద్దుతో సరిపెడతారు. లేదంటే మాల్‌ప్రాక్టీస్ కమిటీకి పంపుతారు, సెమిస్టరంతా పోవచ్చు. ఆ కాగితం చూశాను. అచ్చు ఫారమే. జిరాక్సు మీద జిరాక్సు తీసి తీసి అక్షరాలు సగం చెరిగిపోయాయి. పేరుకు ఒక గీత, హాల్ టికెట్ నంబరుకు ఒక గీత, కింద ‘నా తప్పును స్వేచ్ఛగా ఒప్పుకుంటున్నాను’ అని ఉంది.

అక్క రాసిచ్చేద్దాం అంటోంది. బావ అసలు మాట్లాడటమే లేదు. నాకు మనసొప్పడం లేదు. తూకం చూడకుండా తక్‌పట్టీ (సరుకు అమ్మకం చీటీ) మీద వేలిముద్ర వేసి, తర్వాత మొత్తుకునే రైతుల్ని నేను రోజూ చూస్తాను. మీరేమంటారు?

కాజీపేట జంక్షన్:

రాసివ్వండి. కోపం తెచ్చుకోకండి, లెక్క వేసి చెబుతున్నాను. ఒక పేపరు పోతే సప్లిమెంటరీలో రాసుకుంటుంది. సెమిస్టరు పోతే ఆర్నెల్లు పోతాయి, ఫీజు పోతుంది, తోటివాళ్లు ముందుకు వెళ్లిపోతారు, ప్లేస్‌మెంట్ల వేళకు బ్యాక్‌లాగులు మిగులుతాయి. ఇంకా రెండేళ్లకు పైగా ఆ పిల్ల అక్కడే చదవాలి. ల్యాబు మార్కులు, ఇంటర్నల్ మార్కులు, ప్రాజెక్టు మార్కులు అన్నీ వేసేది ఆ మనుషులే. పంతం మీది, మార్కులు వాళ్లవి. నేను రైల్వేలో 34 ఏళ్లు పనిచేశాను. చేయని తప్పుకు వివరణ రాసివ్వని ఉద్యోగి ఒక్కడూ లేడు.

ములుగు రోడ్డు:

అచ్చు ఫారం ఉందంటేనే అర్థం కావడం లేదా? పుస్తకాల కొట్టులో రసీదు బుక్కు ఉన్నట్టు వాళ్ల దగ్గర తప్పొప్పుకోలు బుక్కు ఉంది. విచారణకు ఫారం ఉందేమో కూడా అడగండి. ఉండదు.

మాజీ ఇన్విజిలేటర్:

ఇద్దరూ తొందరపడుతున్నారు. పరీక్ష హాళ్లలో బెంచీల మధ్య తిరిగీ తిరిగీ నా మోకాళ్లు అరిగాయి, వాల్యుయేషన్ కేంద్రాల్లో వేసవి సెలవులు కరిగిపోయాయి. అందుకని అవతలి పక్షం మాట కూడా కాస్త వినండి.

ఒప్పు జవాబులు పోలి ఉంటే ఎవరూ పట్టించుకోరు, ఒప్పు అందరికీ ఒకటే కదా. ఒకే తప్పు ఇద్దరి పత్రాల్లో ఉంటేనే దిద్దేవాడి పెన్ను ఆగుతుంది. ఇది గాలిలో పుట్టిన అనుమానం అనుకోకండి. ఇద్దరు విద్యార్థుల పత్రాల్లో ఒకేలాంటి తప్పులు దొరికిన కేసులో 1972లో సుప్రీంకోర్టు పంజాబ్ విశ్వవిద్యాలయం చర్యనే సమర్థించింది. హాల్లో ఎవరూ పట్టుకోకపోయినా పత్రాలే సాక్ష్యం కావచ్చు. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో కూడా వాల్యుయేషన్‌లో బయటపడే కాపీకి విడిగా ఒక పద్దు ఉంది. దాని ప్రకారం ఆ సబ్జెక్టుతో పాటు ఆ సెమిస్టర్ పరీక్షలన్నీ, ల్యాబులూ ప్రాజెక్టూ సహా, రద్దవుతాయి. హాల్లో చీటీ జేబులో ఉండి వాడకపోతే మాత్రం ఆ ఒక్క సబ్జెక్టే. అంటే ఈ అమ్మాయి మీద మోపుతున్నది చీటీ కన్నా పెద్ద నేరం. మరి దానికి ఒక్క పేపరుతో సరిపెడతామని హెచ్‌ఓడీ ఏ నిబంధన కింద అంటున్నారో నాకు తెలియదు. అది దయ కావచ్చు, కమిటీ ముందు నిలబడదన్న అనుమానం కావచ్చు.

కాపీ కొట్టినవాడు కొట్టానని ఇంట్లో చెప్పడు. ఇళ్లల్లో పిల్లల్ని నమ్మడం మామూలే. కాబట్టి పిల్ల మొహం చూసి తేల్చకండి. ఆ 0.0354 ఎక్కడ పుట్టిందో వెతకండి. ప్రశ్నలో ఇచ్చిన అంకెలు క్లాసులో చేసిన లెక్కలోవేనా? మిగతా పత్రంలో కూడా పోలిక ఉందా? బెంచీకి ఒకరిని కూర్చోబెట్టి పక్క వరసలో వేరే బ్రాంచివాళ్లను వేస్తే, ఒకే బ్రాంచి పిల్లలు ముందూ వెనకా వస్తారు. ముందున్న పిల్ల వెనక్కి చూడటం కష్టం. వెనకవాడు ముందుకు చూడటం కష్టమేమీ కాదు. సీటింగ్ ప్లాన్ అడగండి.

2021 బ్యాచ్:

గుమస్తా గారూ, నేను అలాంటి కాగితం మీద సంతకం చేసినవాణ్ని. చివరి సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టు. నేనే రాశాను, మా హాస్టల్ గది గోడలకు తెలుసు. సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 80 శాతం కృత్రిమ మేధ రాసింది అని వచ్చింది. సార్ తెర నా వైపు తిప్పి చూపించారు. ఎర్ర రంగులో ఉన్న ఆ 80 తప్ప ఇంకేమీ చూపించలేదు. ‘రాసివ్వు, అయిపోతుంది’ అన్నారు. రాసిచ్చాను.

అయిపోలేదు. తర్వాత వైవాలో మొదటి ప్రశ్నే ‘ఇది నువ్వు రాసిందేనా?’ పై చదువులకు సిఫారసు ఉత్తరం అడిగితే ‘నీ ఫైల్లో ఒక కాగితం ఉంది కదా’ అన్నారు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే, కృత్రిమ మేధ రాతను కనిపెట్టే తన పరికరాన్ని కచ్చితత్వం తక్కువని 2023 జులైలో వెనక్కి తీసుకుందని నేను సంతకం చేశాకే చదివాను. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి పరికరాలను పరీక్షించారు. ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవేనని అవి తేల్చాయి. పాఠ్యపుస్తకం ఇంగ్లిషు నేర్చుకుని, అవే నాలుగు వాక్యాలు అటూ ఇటూ మార్చి రాసే మనలాంటివాళ్లు యంత్రాల్లాగే కనిపిస్తాం. ఇవన్నీ ఆ రోజు తెలిసి ఉంటే చెప్పేవాణ్ని. కాగితం ఇచ్చాక వినేవాళ్లు ఎవరూ ఉండరు, ‘నువ్వే ఒప్పుకున్నావు కదా’ అంటారు.

కాజీపేట జంక్షన్:

బాబూ, నీ బాధ అర్థమైంది. అయినా నీ డిగ్రీ నీ చేతికి వచ్చింది కదా? కాగితం ఇవ్వకపోతే వచ్చేదా?

2021 బ్యాచ్:

తెలియదు సార్. ఆ తెలియకపోవడమే ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు.

సుబేదారి వకీలు:

మాజీ ఇన్విజిలేటర్ గారు 1972 తీర్పు చెప్పారు, బాగుంది. దానికి పదేళ్ల ముందుది కూడా చెప్పి ఉండాల్సింది. ఉత్తరప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు, వివరణ ఇచ్చుకునే అవకాశం లేకుండానే కొందరు విద్యార్థుల ఫలితాలు రద్దు చేస్తే, వాళ్ల మాట వినకుండా శిక్షించడానికి వీల్లేదని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ కలిపి చదవాలి. పత్రాల పోలికతో శిక్ష వేయవచ్చు, కానీ ముందు ఆరోపణ ఏమిటో చెప్పి సంజాయిషీ వినాలి. గుమస్తా గారు చూసిన ఫారం ఈ రెండో భాగాన్ని దాటేసే అడ్డదారి. ఒప్పుకున్నవాడికి విచారణ అక్కరలేదు కదా.

కోర్టుకు వెళ్లమని నేను అనడం లేదు. హైకోర్టు అంటే హైదరాబాద్ తిరగాలి, ఖర్చు. అలాగని ఆ తలుపు మూసి లేదు. 2023 పదో తరగతి పరీక్షలప్పుడు కమలాపూర్‌లో హిందీ ప్రశ్నపత్రం ఫొటో బయటికి వచ్చిన వ్యవహారంలో, డీబార్ చేసిన విద్యార్థిని మిగతా పరీక్షలు రాయనివ్వమని హైకోర్టు చెప్పింది. మన జిల్లా సంగతే. ప్రస్తుతానికి మాత్రం ఒక తెల్ల కాగితం చాలు. ఆరోపణ రాతపూర్వకంగా ఇవ్వండి, రెండు పత్రాలూ చూపించండి, సీటింగ్ ప్లాన్, ఆ హాలు ఇన్విజిలేటర్ నివేదిక చూపించండి, వివరణకు వారం గడువివ్వండి అని రాసి ఇన్‌వార్డులో, అంటే ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట, ఇవ్వండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మరిచిపోవద్దు. మాటలతో బెదిరించేవాళ్లు ఆ ముద్ర పడ్డాక కొంచెం నెమ్మదిస్తారు.

ఎనుమాముల గుమస్తా:

నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించాలి. మిర్చి సీజను, తెల్లవారకముందే యార్డుకు పోవాలి.

0.0354 దొరికింది.

మాజీ ఇన్విజిలేటర్ గారు చెప్పినట్టు వెతికాం. పిల్ల నోట్సులో అదే లెక్క, అవే అంకెలు, కూడిన చోట 0.0354. బోర్డు మీద సార్ వేస్తే దించుకున్నదట. ఇది ఒక్కటే అయితే ఈమె తప్పుగా దించుకుందని అంటారు. అందుకని పక్క సెక్షన్ అమ్మాయిల నోట్సులు రెండు తెప్పించాం. వాటిలోనూ అంతే. ఒకదానిలో ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి ‘ముఖ్యం’ అని రాసి ఉంది, చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పాఠం చెప్పిన సారు సగం సెమిస్టర్‌లోనే వేరే కాలేజీకి వెళ్లిపోయారు. పత్రాలు దిద్దింది తర్వాత వచ్చిన మేడమ్. ఆమెకు ఈ అంకె సంగతి ఎలా తెలుస్తుంది పాపం.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. వెనక బెంచీ అబ్బాయి మొదటి రోజే ఫారం మీద సంతకం చేశాడు. ఖాళీ గీతల కింద ‘ముందు బెంచీ విద్యార్థిని చూపించగా రాశాను’ అని అతని చేతిరాత ఉంది. ఇప్పుడు మా పిల్ల చూపించిందనడానికి అదే సాక్ష్యమంటున్నారు. పిల్ల ఆ అబ్బాయిని అడిగితే ‘సార్ ఎలా చెబితే అలా రాశాను, నీ పేరు లేదు కదా అనుకున్నాను’ అన్నాడట.

ములుగు రోడ్డు:

చూశారా కాజీపేట గారూ, ఒకడి రాజీ ఇంకొకరి మెడకు చుట్టుకుంది.

కాజీపేట జంక్షన్:

చూశాను. అబ్బాయి కాగితం ఫైల్లో ఉన్నాక కమిటీ ఈమెను వదులుతుందా? నా మాట మార్చుకోను, ఇప్పుడు రాజీ ఇంకా అవసరం. కాకపోతే ఆ అబ్బాయికి ఆ వాక్యం చెప్పి రాయించినవాళ్లు చేసింది తప్పే.

మాజీ ఇన్విజిలేటర్:

నోట్సులు దొరికినందుకు సంతోషం. వాటితో ఏం తేలుతుందో, ఏం తేలదో కూడా చెప్పుకుందాం. తప్పు పుట్టిన చోటు తెలిసింది కాబట్టి పోలికకు కాపీ ఒక్కటే కారణం అనడానికి ఇక వీల్లేదు. ఆ అబ్బాయి చూశాడా లేదా అన్నది మాత్రం తేలదు. అతని నోట్సులో కూడా 0.0354 ఉంటే అతనికీ అదే సమాధానం. అది తెప్పించారా?

ఇంకొక మాట, అమ్మాయికి నా తరఫున చెప్పండి. చేతిలో క్యాలిక్యులేటర్ పెట్టుకుని మూడు అంకెలు కూడి చూడకుండా, బట్టీ పట్టిన జవాబు దించి వచ్చింది. రెండు సెక్షన్లలో ఒక్కరూ కూడి చూడలేదు. ఆ లెక్కకు నేనైతే మార్కులు తగ్గిస్తాను. అంతకు మించి ఏ శిక్షా వేయను.

ఎనుమాముల గుమస్తా:

మీ మాట చదివి వినిపించాను. ‘నిజమే’ అంది, తల వంచుకుని.

ఈ రోజు కమిటీకి వెళ్లి వచ్చాం. వకీలు గారు చెప్పిన కాగితం ముందే ఇన్‌వార్డులో ఇచ్చాం. గుమస్తా ముద్ర వేయనంటే, నేనూ గుమస్తానే, వేసేదాకా కిటికీ దగ్గరే నిలబడతానన్నాను. లోపల ముగ్గురు కూర్చున్నారు. నోట్సుల జిరాక్సులు తీసుకున్నారు. అందులో పెద్దాయన పిల్లకు క్యాలిక్యులేటర్ ఇచ్చి ఆ మూడూ కూడమన్నారు. 0.0345 అని వచ్చింది. ఆయన తన చేత్తో ఇంకోసారి కూడి చూసుకుని, దిద్దిన మేడమ్ వైపు చూశారు. నిర్ణయం రాతపూర్వకంగా వారంలో పంపుతామన్నారు. అక్క ఇంటికి వచ్చాక కూడా నాతో సరిగా మాట్లాడలేదు. సెమిస్టరు పోతే నా పూచీయే అంది.

బయట వరండాలో ఆ అబ్బాయి, వాళ్ల నాన్న ఉన్నారు. ఆయన హమాలీ అనుకుంటాను, భుజం మీద తువ్వాలు చూస్తే మా యార్డు మనిషిలాగే ఉన్నాడు. ‘మీరు రాసిచ్చారా?’ అని అడిగాడు. లేదన్నాను. కాసేపు ఊరుకుని, వాళ్ల అబ్బాయి నోట్సు సంచిలోంచి తీసి నాకు చూపించాడు. ఆయనకు చదువు రాదు, పేజీ మడత పెట్టించి తెచ్చుకున్నాడు. అదే 0.0354. ‘ఇచ్చిన కాగితం వాపసు తీసుకోవడానికి కూడా ఫారం ఉంటుందా?’ అన్నాడు.

వకీలు గారూ, ఆయనకు ఏం చెప్పను?

సుబేదారి వకీలు:

దానికి ఫారం అచ్చు వేయరు. ఎవరు, ఏ రోజు, ఏ గదిలో, ఏ మాటలు చెప్పి రాయించారో గుర్తున్నంత వరకు ఆ అబ్బాయినే తెల్ల కాగితం మీద రాయమనండి, నోట్సు పేజీ నకలు జతచేసి అదే ఇన్‌వార్డులో ఇవ్వమనండి. కమిటీ నిర్ణయం రాకముందే ఇవ్వాలి. రేపు ఉదయం మీరు కూడా ఆ కిటికీ దగ్గరికి వెళ్లగలరా?