ముదురు నీలమా, లేత గంధమా: ఏ గోడకి ఏది?

ప్రశ్న: పడకగది 12×10, ఎత్తు 10 అడుగులు. ఒకే కిటికీ, పడమర వైపు. ముదురు నీలం, లేత గంధం రంగులు అనుకున్నాం. సగం సగం వేయొచ్చా?

జవాబు 1: సగం సగం వద్దండీ, గది ముక్కలైనట్టు కనిపిస్తుంది. మంచం తలవైపు ఒక్క గోడకే నీలం, మిగతా మూడింటికీ గంధం. కిటికీ ఉన్న గోడకి మాత్రం నీలం వేయకండి. వెలుతురు ఎదురుగా కొడుతుంటే ఆ గోడ నల్లగా కనిపిస్తుంది.

జవాబు 2: ముదురు రంగుకి తెల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) మీద రెండు కోట్లు, అంటే రెండు పూతలు, చాలవు, మచ్చలు మచ్చలుగా తేలుతుంది. ప్రైమర్‌లో కాస్త బూడిద రంగు కలిపించండి. అయినా 12×10 గోడ ఒక్కటే, 120 చదరపు అడుగులకి మూడు కోట్లంటే మూడు లీటర్ల దాకా పడుతుంది. గంధం నాలుగున్నర లీటర్లు, రెండు కోట్లకి. ఆ నీలం గోడ వెనక బాత్‌రూమ్ ఉందా? ఉంటే ముందు చెమ్మ సంగతి చూడండి, నీలం మీద ఉప్పు పొక్కులు తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడతాయి.

జవాబు 3: మూలల్లో గీత తిన్నగా రావాలంటే ముందు గంధం పూర్తిచేసి, ఒకరోజు ఆరనివ్వాలి. తర్వాత టేపు అంటించి, దాని అంచు మీద మళ్లీ గంధమే పల్చగా లాగండి. టేపు కింద సందులుంటే ఆ రంగే నిండుతుంది, నీలం లోపలికి పాకదు. ఆఖరి కోటు తడిగా ఉండగానే టేపు లాగేయండి, ఆరాక లాగితే పెచ్చులొస్తాయి.