‘హత్యాచారం’ అనే మాట చాలుతుందా?

మాస్టారూ, ‘హత్యాచారం’ సాధువేనా అని అడిగారు. నాకు వ్యాకరణం కంటే అర్థంతోనే పేచీ వచ్చింది. శిక్షణలో ఉన్న ఎస్సైల కోసం నేరస్థుల ప్రవర్తన మీద ఒక పాఠాన్ని వారం రోజులుగా ఇక్కడ నాంపల్లిలో కూర్చుని తెలుగు చేస్తున్నాను. మొదటి పేజీలోనే ఈ మాట దగ్గర కలం ఆగింది.

సంధి ప్రకారం హత్యకు అత్యాచారం చేరితే ‘హత్యాత్యాచారం’ కావాలి. పత్రికల మాటలో మిగిలింది హత్య, ఆచారం. ‘అతి’ పోయింది. నాకు నచ్చేది ఆ ‘అతి’యే. హద్దు మీరిన నడత అంటూ నేరుగా చేసినవాడి వైపు వేలు చూపిస్తుంది. మానభంగం అంటే పోయిందేదో ఆమెదే అన్నట్టుంటుంది. ఆ మాటను నా అనువాదంలోకి రానివ్వను.

ఇక అర్థం. హత్యాచారం అనగానే మనకు తట్టేది అత్యాచారం చేసి, ఆపైన చంపడం. పరిశోధకుల పరిధి అంతకంటే పెద్దది. లైంగిక కోణం ఉన్న హత్యలు చేసిన 36 మందితో జైళ్లలో మాట్లాడి ఎఫ్‌బీఐ పరిశోధకులు 1980లలో ఒక అధ్యయనం వెలువరించారు. అత్యాచారం జరిగిన ఆనవాలు లేకపోయినా మృతదేహాన్ని ఉంచిన భంగిమ, దుస్తుల స్థితి కూడా లైంగిక కోణాన్ని పట్టివ్వవచ్చని అందులో ఉంది.

పంచనామాలో ‘దుస్తులు చెదిరి ఉన్నవి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఏం తెలుస్తుంది? ఏ గుండీ తెగింది, ఏది చిరిగింది, ఏది విప్పి మడతపెట్టి ఉంది, ఇవన్నీ రాయాలి. వైద్య నివేదికలో అత్యాచారం లేదని వచ్చిన రోజున, ‘హత్యాచారం’ అనే మాటనే పట్టుకున్న అధికారి ఆ కోణాన్ని మూసేస్తాడేమోనని నా భయం. పట్టుబడకుండా ఉండటానికి చంపాడా, చంపడంలోనే వాడికి తృప్తి ఉందా అన్న ప్రశ్న కూడా అక్కడే ఆగిపోతుంది.

అందుకే మొత్తం వర్గానికి ‘లైంగిక హత్య’ అని రాశాను. హత్యాచారం అందులో ఒక భాగం.

— ‘లైంగిక హత్య’ చెవికి ఇంకా కొత్తగానే ఉందమ్మా. ‘లైంగిక హింసతో కూడిన హత్య’ అనవచ్చు కదా? అన్నట్టు, పాఠంలో నేరస్థుడి ‘సిగ్నేచర్’ అని వచ్చేదానికి సంతకం అనే రాశావా?

— హింస అంటే మళ్లీ గాయాల కోసమే వెతుకుతారు మాస్టారూ, అందుకే వద్దనుకున్నాను. సంతకం కూడా రాయలేదు, అది మనిషి పేరు చెబుతుంది. ‘ముద్ర’ అన్నాను. తాడు తెచ్చుకోవడం, చేతికి తొడుగులు వేసుకోవడం నేరం చేసే పద్ధతి, అనుభవంతో మారుతుంది. నేరం జరగడానికి అవసరం లేకపోయినా, తన ఊహ తీరడానికి వాడు చేసే పని ముద్ర.