ఐదు రూపాయల ప్యాకెట్‌ల మంచి తిండి పట్టదా? వరంగల్ బస్తీల గిరాకీ మీద నలుగురి చర్చ (మాట ముందర ఉన్నది వాళ్లు పెట్టుకున్న పేరు)

కిరాణా లెక్క:
శివనగర్, కాశిబుగ్గ, లేబర్ కాలనీ దిక్కు చిన్న దుకాణాల్లో చిరుధాన్యాల బిస్కెట్లు కదలవు. జనానికి సోయి లేదని కొందరంటరు. నేనొప్పుకోను. పిల్లగాడు చేతిల ఐదు రూపాయల బిళ్ల పట్టుకొని వస్తడు, ఆ బిళ్లకు ఏమొస్తదో అదే గిరాకీ. అందుకే పెద్ద కంపెనీలు ధర ముట్టుకోకుండ గ్రాములు తగ్గిస్తయి. తైదల (రాగుల) బిస్కెట్ 40 రూపాయల డబ్బాల పెట్టి బస్తీకి పంపితే ఎవరు కొంటరు? ఇంకోటి, తారీఖు దాటిన సరుకును పెద్ద కంపెనీ సేల్స్‌మన్ మార్చిస్తడు. చిరుధాన్యాల బిస్కెట్లు చేసే చిన్న యూనిట్ వాళ్లు మార్చియ్యరు. ఆ నష్టం దుకాణపాయన మీదనే పడతది.

పిండిగిర్ని:
అన్నా, ప్యాకెట్ చిన్నగ చేస్తే సరిపోదు. సజ్జల్ల కొవ్వు 5 శాతం దాకా ఉంటది. పిండి పట్టించంగనే గింజలోని లైపేజ్ అనే ఎంజైమ్ ఆ కొవ్వును విడగొడతది. ఎండాకాలం వారం పది రోజులకే చేదెక్కుతది. పట్టించే ముందు గింజలను మరిగే నీళ్లల్ల అర నిమిషం ముంచి, వెంటనే తీసి, బాగా ఆరబెట్టాలె. తడి మిగిలితే బూజు. చాలామంది ఎసరు పెట్టేది, కట్టెలు కాల్చేది ఖర్చని ఈ పని వదిలేస్తరు. పైంగ మామూలు ప్లాస్టిక్ కవర్ల కడతరు, గాలి చొరబడి సరుకు మెత్తబడతది. ఒక్కసారి చేదు తగిలితే ఆ తల్లి మళ్ల కొనదు. గిరాకీ లేదని మనం రాసుకుంటం.

మైదాకున్న జిగురు చిరుధాన్యాలకు లేదు. సగం కంటే ఎక్కువ కలిపితే ఆటోల దుకాణం చేరేసరికి బిస్కెట్ పొడి అయితది.

వెనకవైపు చదువు:
అందుకే తక్కువ కలిపి, ముందర పెద్దగ తైద కంకుల బొమ్మ వేస్తరు. ప్యాకెట్ వెనక పదార్థాలు బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువున్నదాని వరుసల రాయాలె. మొదట మైదా ఉంటే అది మైదా బిస్కెటే. ముందర గొప్పగ చూపెట్టిన పదార్థం శాతం కూడ వెనక రాయాలె, అది వెతుకుండ్రి. 100 గ్రాములకు 25 గ్రాముల చక్కెర అని ఉంటే, 60 గ్రాముల ప్యాకెట్‌ల 15 గ్రాములు. పెద్దోళ్లకు రోజుకు పైన కలిపిన చక్కెర 50 గ్రాములు హద్దని లేబుల్ లెక్క, పిల్లగానికి ఇంకా తక్కువే ఉండాలె గదా. మరీ చిన్న రూపాయి, రెండు రూపాయల పొట్లాల మీద, ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లు దాటకపోతే, ఈ పదార్థాల, చక్కెర పట్టిక రాయనక్కర లేదు. వివరమంతా పెద్ద అట్టపెట్టె మీద ఉంటది, అది దుకాణపాయన ఎప్పుడో చింపి పారేస్తడు!

పల్లిపట్టి:
మీరంత బిస్కెట్ దగ్గరనే ఆగిన్రు. పుట్నాలు, పల్లీలు, బెల్లం పట్టి ఈ బస్తీల్లో ఎన్నడో పోతున్నయి, ప్రచారం లేకుండనే. 100 గ్రాముల పల్లీల్ల 25 గ్రాముల ప్రొటీన్. కొత్త "హెల్తీ" బ్రాండ్ ఎందుకు?

పిండిగిర్ని:
లూజు పల్లీలకు తడి తగిలితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వస్తదక్కా, అది కంటికి కానరాదు. ముడుచుకున్న, రంగు మారిన గింజలు ఏరి, ఎండినవే వేయించి మూట కట్టాలె.

కిరాణా లెక్క:
అక్క చెప్పింది సగం నిజం. బళ్లె పిల్లల ముందర ప్యాకెట్ చింపుడు ఒక మోజు, దానికి పుట్నాల పొట్లం సాటిరాదు. మరి పన్ను చూడుండ్రి: 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్ల జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. పేరేసి ప్యాక్ చేసిన చిరుధాన్యాల పిండికీ 5 శాతమే, లూజుగ అమ్మితే సున్నా. అంటే శుభ్రంగ ప్యాక్ చేసినోడికి మైదా క్రీమ్ బిస్కెట్‌తో సమానంగ పన్ను. పల్లిపట్టిని ఐదు రూపాయల చిన్న ముక్కగ, గాలి చొరని కవర్ల, తారీఖుతో ఇచ్చే యూనిట్ ఉంటే అది నిలబడతది. తారీఖు దాటినయి వెనక్కి తీసుకుంటడా అనేదే ముందుగాల అడుగుండ్రి.