ఏసీబీ ట్రాప్: పట్టుకోవడమా, ఇరికించడమా?

సూర్యం: పోలీసులే వెంటపడి నేరం చేయిస్తే, అమెరికాలో నిందితుడు ఆ మాటే చెప్పి బయటపడొచ్చు. 1932లో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చిన కేసు చూడండి. మద్యనిషేధం రోజులు. అధికారి టూరిస్టులా నార్త్ కరోలినాలో ఒకాయన ఇంటికెళ్లాడు. యుద్ధంలో ఇద్దరిదీ ఒకే డివిజన్ అని పాత కబుర్లు చెబుతూ, మందు తెచ్చిపెట్టమని పదేపదే అడిగాడు. ఆయన కాదని కాదని, చివరికి అర గ్యాలన్ తెచ్చిచ్చాడు. కోర్టు శిక్ష రద్దు చేసింది. మన చట్టంలో అలాంటి రక్షణ విడిగా లేదు. నోట్లకు పొడి రాసి పంపే ఏసీబీ చేసేదీ అదే కదా?

వరలక్ష్మి, అడ్వకేట్: కాదండీ సూర్యం గారూ. ట్రాప్‌లో లంచం అడగడం ముందే జరిగిపోయి ఉంటుంది. బాధితుడు ఫిర్యాదు చేశాకే నోట్ల నంబర్లు రాసుకుని, సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల ముందు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. తీసుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే గులాబీ రంగొస్తుంది. ఆ పొడి ఎవరికీ ఆశ పుట్టించదు. పైగా రంగొచ్చినంత మాత్రాన శిక్ష పడదు, అడిగినట్టు కూడా రుజువు చేయాలి.

సూర్యం: అన్ని కేసుల్లోనూ కాదు కదండీ. అడక్కపోయినా, ఎదుటివాడు తనంతట ఇవ్వజూపింది పుచ్చుకున్నా నేరమేనని 2022 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నా టెన్షన్ అంతా అక్కడే. ఆ ఇవ్వజూపేవాణ్ణి పోలీసులే పంపితే? మనిషిది ఎంత నేరబుద్ధి అయినా, అతని నిగ్రహానికి మించిన ఆశ కావాలని చూపకూడదని, చట్టాన్ని కాపాడేవాళ్లు అసలే చూపకూడదని మన సుప్రీంకోర్టే 1956లో అంది.

వరలక్ష్మి, అడ్వకేట్: ఆ మాట ఒప్పుకుంటాను. ఫిర్యాదు లేకుండా డబ్బు మూటతో మనిషిని పంపితే నేనూ డిఫెన్స్ వైపే నిలబడతాను.

పద్మజ: మా అమ్మ పాసుపుస్తకం కోసం ఒక ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగింది. అడిగింది వాళ్లే, మేం ఇవ్వజూపలేదు. ఫిర్యాదు చేద్దామంటే, తర్వాత ఫైలు కదలదేమోనని అమ్మ భయపడి గాజులు తాకట్టు పెట్టి కట్టింది. ఇరికించడం మీద మీరు ఎంత కఠినమైన రూలైనా పెట్టండి. కానీ ట్రాప్ మాత్రం తీసేయమనకండి. అమ్మలాంటి వాళ్ల మాటకు సాక్ష్యంగా నిలిచేది ఆ గులాబీ రంగొక్కటే.