రేసు డ్రైవర్లకు నచ్చిన నగరాలు: నచ్చింది ఊరా, ట్రాకా?

పాలమూరు పాఠకుడు (మహబూబ్‌నగర్):
ఫార్ములా వన్ డ్రైవర్లు ఇష్టపడే నగరాల జాబితాను గత వారం మనం ఇక్కడే తయారు చేసుకున్నాము. అందులో మెల్‌బోర్న్, మాంట్రియల్, సింగపూర్, ఆస్టిన్‌ల సరసన సుజుకాను కూడా చేర్చారు. నా అభ్యంతరం సుజుకా మీదనే. అది జపాన్‌లో నగోయా నగరానికి చేరువలో ఉన్న పారిశ్రామిక పట్టణం. హోండా సంస్థ తన వాహనాలను పరీక్షించుకోవడానికి 1962లో అక్కడ ట్రాకు కట్టుకున్నది కాబట్టే ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది. ఎనిమిది అంకె ఆకారంలో తన మీదుగా తానే దాటిపోయే ఆ 5.807 కిలోమీటర్ల దారిని, అక్కడ 2009, 2010, 2012, 2013 సంవత్సరాలలో నాలుగుసార్లు గెలిచిన జర్మనీ డ్రైవరు వెటెల్ అంతగా మెచ్చుకున్నాడంటే, ఆయన మెచ్చుకున్నది అక్కడి మలుపులనే గాని, ఊరి వీధులను కాదు. మాంట్రియల్ సంగతి వేరు. 1967 ప్రపంచ ప్రదర్శన కోసం నది మధ్యలో మట్టి పోసి చేసిన దీవి మీద అక్కడి ట్రాకు ఉన్నది, మెట్రో రైలెక్కితే నగరం నడిబొడ్డుకు చేరవచ్చు. కనుక డ్రైవరు పని ముగించుకొని తిరగగలిగిన ఊళ్లనే జాబితాలో ఉంచి, సుజుకాను తొలగించాలని ప్రతిపాదిస్తున్నాను.

నకిరేకల్ ఉపాధ్యాయుడు:
పాఠకుడు గారు చెప్పిన నియమాన్ని నిజాయితీగా పాటిస్తే జాబితాలో ఒక్క ఊరూ మిగలదని నా భయం. 2024లోనూ 2025లోనూ ఏడాదికి 24 రేసులు జరిగాయి. మామూలు వారంలో గురువారం పత్రికల వారికి, శుక్రవారం సాధనకు, శనివారం అర్హత పోటీకి పోగా ఆదివారం రేసు ముగియగానే చాలామంది విమానమెక్కుతారు. ఇక ఊరు చూసేది ఎప్పుడు? సింగపూర్‌నే తీసుకోండి. 2008లో తొలి రాత్రి రేసు జరిగింది అక్కడే. ఆ వారమంతా డ్రైవర్లు ఐరోపా గడియారం ప్రకారమే బతుకుతారు, తెల్లవారుతుండగా పడుకొని మధ్యాహ్నం దాటాక లేస్తారు. ఆ ఉక్కపోతలో రేసు పూర్తయ్యేసరికి రెండు మూడు కిలోల బరువు తగ్గేవారున్నారు. అయినా సింగపూర్ బాగుంటుందని వారు అంటున్నారంటే, హోటలు నుంచి ట్రాకుకు నడిచి వెళ్లేటప్పుడు కనిపించిన ఊరినే తలచుకొని అంటున్నారు. ఆ కొద్దిపాటి ఊరు ఊరు కాదనడానికి మనమెవరము?

బ్రెజిల్‌లోని సావో పాలో ఉదాహరణ ఇంకా బలమైనది. 2008లో చివరి ల్యాపులో తోటి డ్రైవరు గ్లాక్‌ను దాటి, ఒకే ఒక్క పాయింటు తేడాతో బ్రిటన్ డ్రైవరు హామిల్టన్ ప్రపంచ టైటిల్ గెలుచుకున్నది ఆ ఊళ్లోనే. టైటిల్ పోగొట్టుకున్న మాస్సా ఆ ఊరి బిడ్డ. అంటే ఆనాడు ఆ గ్యాలరీలకు హామిల్టన్ కంటే చేదైన మనిషి లేడు. అటువంటివాడు 2021లో అక్కడే గెలిచి బ్రెజిల్ జెండా పట్టుకొని తిరిగాడు, 2022లో ఆ దేశపు గౌరవ పౌరుడయ్యాడు. చిన్ననాటి నుంచి బ్రెజిల్ డ్రైవరు సెన్నా మీదున్న అభిమానం, ట్రాకు, జనం, ఊరు అన్నీ ఆయన మనసులో ఒకే ముద్దగా ఉన్నప్పుడు మనం వాటిని విడదీసి లెక్కకట్టడం అసాధ్యం.

లారీ యజమాని (మిర్యాలగూడ):
మా నాన్నగారు ఇరవై ఏళ్లు ఇక్కడి మిల్లుల బియ్యం లారీ నడిపారు. చెన్నైకి ఎన్నిసార్లు వెళ్లినా సముద్రం గురించి ఒక్కనాడూ చెప్పలేదు. కాంటా దగ్గర ఆలస్యం కాకుండా, హమాలీలు వేళకు వచ్చి బస్తాలు దించి, బండి నిలిపిన చోట స్నానానికి నీళ్లు దొరికేది హోసూరులో కాబట్టి ఆయనకు హోసూరే నచ్చిన ఊరు. స్టీరింగ్ పట్టినవాడిని ఊరి గురించి అడిగితే పని గురించే చెబుతాడు, అది తప్పు కాదు.

పాలమూరు పాఠకుడు:
లారీ యజమాని గారి మాట నా వాదానికే బలమిస్తున్నది. పని సాఫీగా సాగిన చోటు బాగుంటుంది, అంతే. డ్రైవరు వెర్‌స్టాపెన్‌ను చూడండి. 2023లో లాస్ వేగాస్ రేసుకు ముందు అక్కడి ఆర్భాటం తనకు నచ్చలేదని బాహాటంగా చెప్పినవాడు, రేసు గెలిచాక రేడియోలో ఆ ఊరి మీది పాటే అందుకున్నాడు. ఆ కొద్ది రోజులలో ఊరు మారలేదు, ఫలితం వచ్చింది. మొనాకోలో ఇల్లు పెట్టుకున్న డ్రైవర్లను కూడా ఊరిని ప్రేమించినవారి ఖాతాలో రాస్తుంటారు. అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదన్న సంగతిని మాత్రం ఎవరూ ఆ పక్కన రాయరు.

నకిరేకల్ ఉపాధ్యాయుడు:
గెలుపే కారణమైతే డ్రైవరు రికియార్డో అమెరికాలోని ఆస్టిన్ మీద పెంచుకున్న ప్రేమకు మీరు ఏమి చెబుతారు? అక్కడ ఆయన ఒక్క రేసూ గెలవలేదు. అయినా ఏటా ఆ ఊరి టోపీ పెట్టుకొని తిరిగేవాడు, 2022లో ఏకంగా గుర్రమెక్కి ప్యాడాక్‌లోకి, అంటే ట్రాకు పక్కన జట్లు ఉండే ఆవరణలోకి వచ్చాడు. పైగా ఆ ట్రాకు నగరం లోపల లేదు, శివారులో ఉన్నది. మీ మొదటి నియమానికీ రెండవ నియమానికీ ఆయన ఒక్కడే అడ్డు తగులుతున్నాడు.

నల్లగొండ విద్యార్థిని:
2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో జరిగిన ఫార్ములా ఇ (విద్యుత్ కార్ల) రేసుకు మా అన్నయ్యతో వెళ్లాను. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం పక్క నుంచి సాగిన ఆ దారిలో నేను ఎన్నోసార్లు సిటీ బస్సులో వెళ్లాను. ఆ రోజు కంచెకూ గోడలకూ మధ్య అది ఏ ఊరో గుర్తుపట్టలేకపోయాను. గెలిచిన డ్రైవరు వెర్న్ సంగతి చెప్పలేను గాని, నాకే కనిపించని హైదరాబాద్ ఆయన హెల్మెట్‌లో నుంచి కనిపించి ఉంటుందని నేను అనుకోను. ఊరి మధ్యలో ట్రాకు ఉంటే చాలు ఊరు చూసినట్లేనన్న పాఠకుడు గారి మాట ఇక్కడ నిలవదు. మరుసటి ఏడాది రేసు రద్దయింది కాబట్టి ఆ డ్రైవర్లకు రెండవ అవకాశమూ రాలేదు.

పాలమూరు పాఠకుడు:
ట్రాకు ఊళ్లో ఉన్నదా, బయట ఉన్నదా అన్న కొలతను వెనక్కి తీసుకుంటున్నాను. దానికి బదులు, రేసు లేనప్పుడు కూడా డ్రైవరు అక్కడికి వెళ్తాడా అన్నది చూద్దాము.

నకిరేకల్ ఉపాధ్యాయుడు:
ఆ కొలత నాకు సమ్మతమే. 2022 చివర రేసింగ్ మానేసిన వెటెల్, కారు నడపవలసిన పని లేకపోయినా 2023 సెప్టెంబరులో సుజుకాకు తిరిగి వెళ్లాడు. రెండవ మలుపు దగ్గర తేనెటీగల కోసం పెట్టెలు పెట్టించి, మలుపు అంచులకు పసుపు, నలుపు రంగులు వేయించాడు. మీ నియమం ప్రకారమే సుజుకాను జాబితాలో ఉంచవలసి వస్తున్నది.

పాలమూరు పాఠకుడు:
ఆయన వెళ్లింది మళ్లీ ఆ మలుపు దగ్గరికే గదా, సార్. సరే, సుజుకాను ఉంచండి, కాని పేరు పక్కన "ట్రాకు" అని రాయండి.