ఎల్డెన్ రింగ్ గేమ్: లేక్ ఆఫ్ రాట్ దాటలేక చస్తున్నాను, ఎవరైనా దారి చెప్పండి

ప్రశ్న:
అందరికీ నమస్తే. రానీ అనే పాత్ర ఇచ్చే క్వెస్ట్ చేస్తున్నాను, డార్క్ మూన్ గ్రేట్‌స్వోర్డ్ అనే కత్తి కోసం. నోక్‌స్టెల్లా అనే భూగర్భ నగరం దాటాను, బేల్‌ఫుల్ షాడో అనే శత్రువుని కొట్టాను, లిఫ్టులో కిందికి దిగాను. చూస్తే ఎదురుగా అంతా ఎర్ర చెరువు, అదే లేక్ ఆఫ్ రాట్. కాలు పెట్టిన కాసేపటికే బార్ నిండిపోయి స్కార్లెట్ రాట్ అనే కుళ్లు జబ్బు పట్టుకుంటోంది, ఇక హెచ్‌పీ (ప్రాణశక్తి) చిల్లు కుండలో నీళ్లలా కారిపోతోంది. నా గుర్రం టొరెంట్‌ని పిలుద్దామంటే అక్కడ పిలవనివ్వడం లేదు. నిన్న రాత్రి తొమ్మిదిసార్లు చచ్చాను, 40 వేల రూన్స్ (ఆటలో డబ్బు) గంగలో కలిశాయి. బోలస్‌లు (మందు ఉండలు) ఎన్ని తిన్నా పని చేయడం లేదు. హెచ్‌పీ పెంచే విగర్ 30 ఉంది. ఇంకా లెవెల్ పెంచుకుని రావాలా?

జవాబు 1:
ముందు ఆ బోలస్ పేరేంటో చూడు తమ్ముడూ. న్యూట్రలైజింగ్ బోలస్ అయితే అది మామూలు విషానికి మందు. రాట్‌కి ప్రిజర్వింగ్ బోలస్ తినాలి.

అడిగినవారు:
అయ్యో, అన్నీ న్యూట్రలైజింగే అన్నా! ప్రిజర్వింగ్ మూడే ఉన్నాయి. వాటితో ఆ చెరువంతా దాటగలనా?

జవాబు 2:
మూడు చాలు, ఒకటి మిగిలినా మిగులుతుంది. లెవెల్ జోలికి పోవద్దు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. రాట్ పట్టగానే కంగారుపడి చెరువు మధ్యలోనే మందు తినేస్తాం. రాట్ పోతుంది, కానీ కాళ్లు ఇంకా అందులోనే ఉన్నాయి కదా, బార్ మళ్లీ సున్నా నుంచి నిండుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. తిన్న మందు బూడిదలో పోసిన పన్నీరే.

అసలు కిటుకు ఏంటంటే, ఒకసారి రాట్ పట్టిందంటే అది తగ్గేదాకా రెండోసారి పట్టదు. అంటే ఆ తర్వాత చెరువులో ఎంతసేపు ఉన్నా అదే నష్టం. కాబట్టి పట్టనివ్వు. హెచ్‌పీ సగానికి వస్తే హెచ్‌పీ నింపే ఎర్ర ఫ్లాస్కు తాగు, పరుగు ఆపకు. చెరువులో అక్కడక్కడా రాతి దిబ్బలున్నాయి, వాటి మీద రాట్ ఉండదు. దిబ్బ ఎక్కాక బోలస్ తిను. తిన్న వెంటనే కూడా దిగిపోకు, ముందు కెమెరా తిప్పి తర్వాతి దిబ్బ ఎక్కడుందో చూసుకో. నా చావుల్లో సగం దారి తెలియక చెరువులో గిరగిరా తిరగడం వల్ల వచ్చినవే.

కొన్నిచోట్ల అడుగుపెడితే కిందికి దిగే రాతి పలకలుంటాయి. తొక్కితే చెరువులో మునిగున్న గట్లు పైకి లేస్తాయి. తొందరలో వాటిని వదిలేయకు, అవి లేస్తే నీ కష్టం చాలావరకు తీరినట్టే.

బయలుదేరే ముందు లేక్ ఆఫ్ రాట్ షోర్‌సైడ్ గ్రేస్ (ఆగి సేదతీరే చోటు) దగ్గర రెండు పనులు చెయ్. చేతిలో ఉన్న రూన్స్ ఖర్చుపెట్టెయ్, చచ్చినా పోయేవి ఉండవు. మంత్రాలకు శక్తినిచ్చే నీలం ఫ్లాస్కులు తగ్గించి ఎర్రవి పెంచుకో. అక్కడి నుంచి దక్షిణంగా గ్రాండ్ క్లాయిస్టర్ గ్రేస్ దాకా వెళ్తే చాలు. దారిలో డ్రాగన్‌కిన్ సోల్జర్ అనే పెద్ద శత్రువు కనిపిస్తే దానితో పెట్టుకోకు. దాన్ని చంపితే డ్రాగన్‌స్కేల్ బ్లేడ్ అనే కత్తి వస్తుంది నిజమే, కానీ రానీ క్వెస్ట్‌కి దానితో పనిలేదు.

జవాబు 3:
నేను ఇమ్యూనిటీ (విషం, రాట్ తట్టుకునే శక్తి) పెంచుకుని వెళ్లాను. ఇమ్యూనైజింగ్ హార్న్ చార్మ్ అనే తాయెత్తు పెట్టుకుని, ఇమ్యూనిటీ ఎక్కువున్న కవచం వేసుకున్నా. తేడా బాగానే తెలిసింది.

జవాబు 2:
తెలుస్తుంది, కాదనను. కానీ ఇమ్యూనిటీ వల్ల బార్ నిండడం మాత్రమే ఆలస్యమవుతుంది. నిండాక జరిగే నష్టం అలాగే ఉంటుంది. దగ్గరి దిబ్బకి వెళ్లేలోపు నిండకుండా కాపాడితే లాభమే. దాని కోసమే వెతుక్కుంటూ గంటలు తిరగక్కర్లేదని నా ఉద్దేశం.

జవాబు 4:
తమ్ముడూ, నీ ఫెయిత్ (మంత్రాలకు కావాల్సిన గుణం) 12 ఉందా? ఉంటే ఫ్లేమ్, క్లెన్స్ మీ అనే మంత్రం నేర్చుకో, లియుర్నియా ప్రాంతంలో దొరుకుతుంది. విషం, రాట్ రెండూ పోతాయి, బోలస్‌లు లెక్కపెట్టుకునే పనే ఉండదు. మంత్రం వేయడానికి కావాల్సిన సీల్ లేకపోతే రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో ఉండే ఇద్దరు ముసలమ్మల దగ్గర ఫింగర్ సీల్ 800 రూన్స్‌కే ఇస్తారు. ఇందాక నీలం ఫ్లాస్కులు తగ్గించమన్నారుగా, ఈ మంత్రం వాడేట్లయితే మాత్రం ఒకటి రెండు ఉంచుకో. మంత్రం కూడా దిబ్బ ఎక్కాకే వాడాలి, మందుకైనా మంత్రానికైనా రూలు ఒకటే.

కేలిడ్‌లోని ఏయోనియా అనే రాట్ చిత్తడికి మాత్రం ఇదంతా అక్కర్లేదు, అక్కడ టొరెంట్ ఎక్కి దాటేయొచ్చు. చాలామంది ఆ అలవాటుతోనే ఇక్కడికొచ్చి బోల్తా పడతారు.

అడిగినవారు:
ఫెయిత్ 9 అక్కా. మూడు పాయింట్ల కోసం ఇప్పుడు వెనక్కి వెళ్లే ఓపిక లేదు, బోలస్‌లతోనే చూస్తాను. రాత్రికి వచ్చి చెబుతా.

అడిగినవారు (రాత్రి):
దాటేశానన్నా!! రెండో ప్రయత్నంలోనే. మొదటిసారి పాత అలవాటు కొద్దీ మధ్యలోనే ఒక బోలస్ మింగేశా, మీరు చెప్పినట్టే మళ్లీ పట్టుకుంది. రెండోసారి పళ్లు బిగబట్టి పరుగెత్తా. పలక తొక్కితే గట్టు లేచింది, అది చూసి ఇంట్లో అందరూ ఉలిక్కిపడేలా అరిచాను. గ్రాండ్ క్లాయిస్టర్ దగ్గర రొయ్యకి మనిషి రూపం వచ్చినట్టుండే జంతువులు వెంటపడి వచ్చే బాణాల్లాంటివి వేశాయి, వాటిని కొట్టకుండా తప్పించుకున్నా. ఇప్పుడు ఒక శవపేటిక దగ్గర ఉన్నాను, లోపల పడుకోమంటోంది. పడుకోవాలా?

జవాబు 2:
పడుకో. అదే దారి. కానీ పడుకునే ముందు గ్రేస్‌కి వెళ్లి ఫ్లాస్కులు నింపుకుని రా, నీలం మళ్లీ కావాలంటే మార్చుకో. అవతల ఆస్టెల్ అనే బాస్ ఉంది. దాని సంగతి వేరే ప్రశ్న వెయ్, ఇక్కడే మొదలెడితే తెల్లారిపోతుంది.